కౌంటు గారి బిడ్డ, మా ఇంటి కుండమార్పిడి

నేను నాగర్‌కర్నూల్‌లో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. మధ్యయుగ ఐరోపా పాఠం వచ్చిందంటే పిల్లలకు కునుకుపాట్లు మొదలవుతాయి. పన్నులు, పోపులు, యుద్ధాలు అంటూ పోతే బల్లల మీద తలలు వాలిపోతాయి. అందుకని నేను ఒక కౌంటును పట్టుకున్నాను. కౌంటు అంటే రాజు కింద ఒక ప్రాంతాన్ని ఏలుకునే దొర. ఫ్రాన్సులో ఒక మూల ఈయనకు కోట, ఏరు, కొన్ని ద్రాక్షతోటలు ఉండేవి. యుద్ధాల్లో పెద్దగా గెలిచింది లేదు గానీ, వియ్యాలు కలుపుకోవడంలో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా.

మూడో కొడుకుగా పుట్టాడు. మూడోవాడికి ఆస్తి రాదు కనుక చిన్నప్పుడే మఠంలో వేశారు. అన్నలిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయేసరికి మఠం నుంచి పిలిపించి గుర్రం ఎక్కించారు. మొదటి భార్య వస్తూ వస్తూ ఇంకో కోట తెచ్చింది. ఆమె కాలం చేశాక రెండో భార్య ఏటి వంతెన మీది సుంకం తెచ్చింది. కొన్నాళ్లకు ఆమె మీద మోజు తీరింది. అప్పుడు ఆయనకు, తమ ఇద్దరి ముత్తాతల తండ్రి ఒక్కడేనని ఉన్నట్టుండి గుర్తొచ్చింది. చుట్టరికం ఉన్నవాళ్లు పెండ్లాడకూడదని అక్కడి మతం కట్టడి. బిషప్పు పెండ్లి చెల్లదన్నాడు. భార్యను పుట్టింటికి పంపించి, సుంకం మాత్రం తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు.

ఇక్కడికి వచ్చేసరికి తరగతిలో ఒక్కరు కూడా నిద్రపోరు.

"గంత దూరపు సుట్టరికానికే చెల్లదా మేడం? మా అవ్వ మా నాయినకు సొంత అక్క బిడ్డ!" అంటుంది ఉప్పునుంతల నుంచి వచ్చే, అమ్మను అవ్వ అని పిలిచే అమ్మాయి.

"గట్లయితే మా ఊర్ల సగం పెండ్లిళ్లు రద్దే," అంటాడు వెనక బల్ల మీది పిల్లగాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. మనం పెండ్లి చేయడానికి చూపే కారణాన్నే వాళ్లు పెండ్లి తెంచడానికి చూపేవారని చెప్పి, నల్లబల్ల వైపు తిరుగుతాను.

ఈ కౌంటుకు పక్కనే ఇంకో కౌంటు ఉండేవాడు. ఏటి ఒడ్డు పొలాల మీద ఇద్దరికీ తాతల నాటి తగాదా. అది తెగ్గొట్టడానికి ఈయన తన బిడ్డను అవతలివాడి కొడుక్కిచ్చి, అవతలివాడి బిడ్డను తన కొడుక్కు తెచ్చుకున్నాడు. నల్లబల్ల మీద రెండు కుటుంబాలు రాసి, ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే రెండు గీతలు గీస్తాను. దీన్ని మనం కుండమార్పిడి అంటాం. ఒక ఇంటి అన్నాచెల్లెళ్లను ఇంకో ఇంటి అన్నాచెల్లెళ్లకు ఇచ్చిపుచ్చుకోవడం. మన పిల్ల వాళ్ల చేతిలో, వాళ్ల పిల్ల మన చేతిలో ఉంటే రెండు వైపులా ఒళ్లు దగ్గర పెట్టుకుంటారని పెద్దల నమ్మకం. కౌంట్ల నమ్మకం కూడా అదే. కొన్నేళ్లకు పొలాల తగాదా మళ్లీ రాజుకుంది. వీళ్ల బిడ్డను పెట్టెలతో సహా వాళ్లు పంపేశారు, వాళ్ల బిడ్డను వీళ్లు పంపేశారు. ఆ ఆడపిల్లలు తర్వాత ఏం చేశారో నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. కౌంటు మాత్రం చివరి రోజుల్లో మళ్లీ మఠంలో చేరి పుణ్యాత్ముడనిపించుకుని పోయాడు.

ఆ రెండు గీతల్లో ఒకటి నేనేనని పిల్లలకు ఏనాడూ చెప్పలేదు.

మా అన్నకు అచ్చంపేటలో ఎరువుల దుకాణం ఉంది. ఆయన చేసుకున్నది పెద్దమందడి పిల్లను. ఆ పిల్ల అన్న నన్ను చేసుకున్నాడు. ఒకే పందిట్లో రెండు పెండ్లిళ్లు జరిగాయి. ఆమె నాకు వదిన, నేను ఆమెకు వదిన. ఫోను ఎత్తితే ఇద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం.

వదిన అచ్చంపేటలో బట్టలు కుట్టే దుకాణం పెట్టింది. చేతిలో పనితనం ఉంది, జాకెట్లు కుప్పలుగా వచ్చిపడేవి. మా అన్న మొదట మురిసిపోయాడు. "నీ దుకాణం కన్నా నీ భార్య దుకాణమే జోరుగున్నదిరా," అని దోస్తులు ఆటపట్టించడం మొదలయ్యాక ఆ మురిపెం పోయింది. ఆమె ఒక పెండ్లికి పోయి వచ్చేలోపల కుట్టు మిషన్లు అమ్మేశాడు. వదిన అరవలేదు, ఏడవలేదు. బస్సెక్కి పెద్దమందడికి, అంటే మా ఇంటికి వచ్చేసింది.

నేను మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చుని, మా అన్నను తిట్టాల్సినవన్నీ తిట్టాను. ఆ తిట్లు ఇంకా అయిపోకముందే మా అత్తమ్మ అటక మీది నుంచి నా బ్యాగు దింపింది. నా చీరలు ఒక్కొక్కటే మడతపెట్టి సర్దుతోంది. దారికని జొన్నరొట్టెలు, పల్లికారం కూడా కట్టింది.

"నేనేం జేసిన అత్తమ్మా?" అన్నాను.

"నువ్వేం జెయ్యలే బిడ్డా. నా బిడ్డ ఈడ ఉన్నన్ని దినాలు నువ్వు ఆడ ఉండాలె. గట్లయితెనే మీ అన్నకు బుద్ధొస్తది."

ఆమె గొంతులో కోపం లేదు. వర్షం వచ్చేలా ఉంటే ఆరేసిన బట్టలు తీసినంత మామూలుగా నన్ను ఇంట్లోంచి తీసేసింది. నాకు కోపం వచ్చింది మా ఆయన మీద. "జర ఓపిక పట్టు, నాలుగు దినాల్ల అంత సక్కగైతది," అంటూ ఆయన బ్యాగు మోసుకుని బస్సు దాకా వచ్చాడు. నా మీద ఎంతో ప్రేమ ఉన్నట్టు కిటికీ పక్క సీటు కూడా పట్టాడు. నేను బస్సు కదిలేదాకా ఆయన మొహం చూడలేదు.

నాలుగు దినాలు కాస్తా వారాలయ్యాయి. కాలేజీ రెండు ఊళ్లకూ మధ్యలో ఉండటంతో నా ఉద్యోగానికి ఏ ఇబ్బందీ రాలేదు. ఇదివరకు వనపర్తి వైపు నుంచి వచ్చేదాన్ని, ఇప్పుడు అచ్చంపేట వైపు నుంచి వస్తున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు కనుక పొద్దున్నే లేచి అన్నకు నేనే వండిపెట్టేదాన్ని. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, దుకాణానికి పోయేవాడు. బుద్ధి వచ్చిన జాడ ఎక్కడా కనపడలేదు. నాకు మా ఇల్లు గుర్తొచ్చేది. మా ఆయన మీద కోపం ఉన్నా ఆయనా గుర్తొచ్చేవాడు. ఇక నన్ను పిలవరేమోనని భయం కూడా వేసేది.

ఒకరోజు వదిన ఫోను చేసింది.

"వదినా, పెద్దమనుషులు మాట్లాడుకున్నరు. వచ్చే ఐతారం నన్ను అచ్చంపేటల దించుతరట. మిషన్ల ముచ్చట ఎవ్వరు ఎత్తుతలేరు."

"మరి ఎందుకొస్తున్నవ్?"

"నేను పోకుంటే నువ్వు రావు గద. నీ కోసమే పోత."

ఫోను పెట్టేశాను. ఇంటికి పోవాలని నేను ఎంత కోరుకుంటే ఆమె మెడ మీద అంత బరువు పడుతోంది. మర్నాడు తరగతిలో మళ్లీ ఆ రెండు గీతలే గీస్తుంటే ఒక సంగతి తట్టింది. వదిన వెళ్లిపోయిన రోజు నుంచి మా అన్న ఇంట్లో రొట్టెలు ఒక్కపూట కూడా ఆగలేదు. ఒకామె పోయింది, ఒకామె వచ్చింది. ఇంక ఆయనకు బుద్ధి ఎందుకొస్తుంది? లోటు ఉన్నది మా ఇద్దరికే.

ఆ సాయంత్రం కాలేజీ అయ్యాక బస్టాండు నుంచి వదినకు ఫోను చేశాను.

"నా కోసం నువ్వు యాడికి పోకు. నేనే వస్తున్న."

"ఎట్ల వస్తవ్? అవ్వ రానిస్తదా?"

"తెల్వదు," అన్నాను. నిజంగానే తెలియదు.

అచ్చంపేట బస్సు ముందే నిలబడి ఉంది. దాన్ని వదిలేసి వనపర్తి బస్సెక్కాను. చీరలన్నీ అన్న ఇంట్లోనే ఉండిపోయాయి, భుజాన కాలేజీ సంచి ఒక్కటే ఉంది. వెనక్కి పొమ్మంటే ఎక్కడికి పోవాలో నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే మధ్యలోనే దిగిపోయేదాన్నేమో. పెద్దమందడిలో ఆటో దిగేసరికి చీకటి పడుతోంది. అత్తమ్మ గడప మీద నిలబడి ఉంది.

"మీ అన్న వచ్చిండా?"

"రాలే."

"నా బిడ్డ ఈడనే ఉన్నది గదనే. మరి నువ్వెట్ల వస్తివి?"

"వదిన తన తల్లిగారింట్ల ఉంటది. నేను నా ఇంట్ల ఉంట. కాలేజీ అయిపోయింది, ఇంటికొచ్చిన అత్తమ్మా."

లోపలి నుంచి వదిన వచ్చి తల్లి వెనక నిలబడింది. అత్తమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది. గడప మీది నుంచి మాత్రం పక్కకు జరగలేదు.

"నాది గూడ కుండమార్పిడే," అంది చివరికి. ఆ ఇంట్లో నాకు ఆ మాట ఎవరూ ఏనాడూ చెప్పలేదు. "మా అన్న పెండ్లాంతోని కొట్లాడితే నన్ను గద్వాల అవతల మా ఊరికి పంపిండ్రు. వానకాలమంత ఆడనే ఉన్న. ఎప్పుడొచ్చి తోలుకపోతరా అని బాట సూసుకుంట కూసున్న."

ముందుకు వచ్చి నా భుజం మీది సంచి తను తీసుకుంది.

"గిట్ల బస్సెక్కి రావొచ్చని నాకు తోచనే లే."