కుట్లు విప్పేదాకా

మా చర్చా మండలిలో ఒక నియమం ఉండేది. తన ఇంట్లో చేయని సంస్కరణను ఎవరూ సభలో ప్రతిపాదించకూడదు. కులం పట్టింపు లేదనేవాడు అన్ని కులాలవాళ్లనీ తన వంటింట్లో కూర్చోబెట్టి వాళ్లతో కలిసి తిని ఉండాలి. తద్దినాలు దండగ అనేవాడు తన తండ్రి తద్దినం మానేసి ఉండాలి. నోటితో మాత్రమే లోకాన్ని బాగుచేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అందుకే పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది నేనే. అవి ఎనభైల మొదటి రోజులు. తిరుపతిలో ఒక గ్రంథాలయం మేడమీద ఆదివారం సాయంత్రాలు కూడేవాళ్లం. కింద వీధిలో గుండు చేయించుకుని గంధం పూసుకున్న యాత్రికులు గుంపులుగా పోతుంటే, పైన మేము దేవుణ్ణి బోనులో నిలబెట్టి విచారిస్తూ ఉండేవాళ్లం.

ఆ ఏడు వీధికుక్కల గొడవ వచ్చింది. తిరుచానూరు దారిలో ఎవరినో కుక్క కరిచిందని, ఊళ్లో ఉన్న కుక్కలన్నిటికీ మందుపెట్టి చంపించాలని కొందరు పెద్దమనుషులు సంతకాలు సేకరించసాగారు. నేను మండిపడ్డాను. చంపడం ఆటవికం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించడమే మనుషులు చేయాల్సిన పని అని తీర్మానం రాసుకుని సభకు వెళ్లాను. చాలాసేపు మాట్లాడాను. నా మాటలకు నాకే ముచ్చటేసింది.

అప్పుడు అయ్యోరు లేచారు. ఆయన బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, ఉండేది మా పక్కవీధిలోనే. నిలువు నామం దిద్దుకుని నాస్తికుల సభకు ఒక్క ఆదివారం కూడా తప్పకుండా వచ్చే ఏకైక భక్తుడు. మమ్మల్ని ఇరుకున పెట్టడం ఆయనకు సాయంత్రపు షికారు.

"బాగా చెప్పినావప్పా" అన్నారు. "నీ ఇంట్లో ఒక కుక్కపిల్ల ఉండాది గదా. దానికి చేయించినావా?"

సభ గొల్లుమంది.

"ఇంకా లేదు."

"అయితే కూర్చో. చేయించినాక వచ్చి చెప్పు. నియమం మేం పెట్టింది కాదబ్బా, నువ్వు పెట్టిందే."

కూర్చున్నాను. అంతకుముందు చాలామందిని అదే మాటతో కూర్చోబెట్టినవాణ్ణి నేను.

మా కుక్కపిల్ల కిందటి వానాకాలంలో మా వసారా గట్టు కిందికి వచ్చి దూరిన వీధిపిల్ల. మగది, గోధుమరంగు, ఒక చెవి నిలబడితే రెండోది వాలి ఉండేది. నా భార్య దాన్ని "నాయనా" అని పిలిచేది. అది నన్ను మాత్రం దండోరా వేసేవాడిగా గుర్తుపెట్టుకుందనుకుంటాను. నేను ఎవరితోనైనా గొంతు పెంచితే చాలు, ఎక్కడున్నా ఎగిరి దూకి వచ్చి నా పక్కన నిలబడి నాకు తోడుగా మొరిగేది. నా పక్షాన అంత నమ్మకంగా నిలబడిన సభ్యుడు మా మండలిలో మరొకడు లేడు.

ఆపరేషన్ సంగతి చెబితే నా భార్య బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"దాని మేలు కోసమా, మీ తీర్మానం కోసమా?"

"రెండూ ఒకటే."

"ఒకటే అయితే ఈ ఆదివారం లోపలే కావాలని తొందరెందుకు?"

ఆమె సభలకు వచ్చేది కాదు. వచ్చి ఉంటే నన్ను అయ్యోరికంటే ముందే కూర్చోబెట్టేది. చొక్కా వేసుకుని పశువుల ఆసుపత్రికి పోయాను.

ఎద్దులకు విత్తులు కొట్టించడం మా వైపు రైతులకు మామూలే. పెంపుడు కుక్కను తీసుకొచ్చి, దానికి ఏ రోగమూ లేకుండా కోయమని అడిగినవాణ్ణి అక్కడివాళ్లు వింతగా చూశారు. డాక్టరు కుర్రవాడు. చేయడానికి ఒప్పుకుని, ముందు రోజు రాత్రి నుంచీ ఏమీ పెట్టవద్దన్నాడు. తెల్లవారి అది ఖాళీ పళ్లేన్ని ముక్కుతో నా కాళ్లదాకా నెట్టుకొచ్చింది. నేను మరచిపోయాననుకుంది. ఆసుపత్రిలో బల్లమీద దాన్ని పట్టుకోవలసింది నేనే. సూది దిగుతుంటే అది డాక్టరు మీద గుర్రుమనలేదు, నా మణికట్టు నాకింది. నాకుతూ నాకుతూ నాలుక అలాగే బయట ఉండిపోయి తల వాల్చేసింది.

నా మనసు అక్కడే చెడింది. నా వాదంలో తప్పు లేదు. ఆపరేషన్ దానికీ మంచిదే, ఊరికీ మంచిదే. ఈ రోజుకీ అదే అంటాను. కానీ నన్ను నమ్మి నాలుక చాచినదాన్ని నేను బల్లమీద పడుకోబెట్టింది దాని మంచి కోసం కాదు. అయ్యోరి ముందు మళ్లీ లేచి నిలబడడం కోసం.

పాత లుంగీలో చుట్టి జట్కాలో ఇంటికి తెచ్చాను. డాక్టరు చెప్పిన జాగ్రత్తలు అన్నీ నా భార్యకు అప్పజెప్పాను. కుట్లు తడవకూడదు. అది నాకకూడదు. ముఖ్యంగా కుట్లు విప్పేదాకా పరిగెత్తకూడదు, దూకకూడదు. కుట్లు ఊడితే గాయం చీము పడుతుంది, అప్పుడు పిల్ల దక్కడం కష్టం.

బయట ముసురు. సిమెంటు నేల చల్లగా ఉందని నా భార్య నడిమింట్లో గోనెసంచీ పరిచి, దానిమీద తన పాత చీర నాలుగు మడతలు వేసి పడుకోబెట్టింది. మత్తు దిగేకొద్దీ అది వణికింది, పచ్చటి నీళ్లు కక్కుకుంది. లేవబోయి వెనక కాళ్లు తేలిపోతే నేల వైపు అనుమానంగా చూసింది. ఆమె చెంచాతో నీళ్లు పోసి నోరు తడిపింది. చీకటి పడ్డాక రవ్వంత గంజి పట్టింది. నేను చేయి చాపితే తల పక్కకు తిప్పుకుంది. నా చేతికి ఆసుపత్రి వాసన అని నాకు నేను చెప్పుకుని సబ్బుతో కడుక్కొచ్చాను. మళ్లీ తిప్పుకుంది.

మర్నాటికి నాకడం మొదలుపెట్టింది. మెడకు గరాటులాగా ఏదైనా తొడగమన్నాడు డాక్టరు. ఇంట్లో దళసరి అట్ట ఒకటే ఉంది. మా మండలి ఊరేగింపు కోసం నేను ఎర్రసిరాతో రాయించిన అట్ట. నా భార్య మొహమాటం లేకుండా దాన్ని కత్తిరించి, చుట్టచుట్టి, దబ్బనంతో కుట్టి, అంచుకు గుడ్డ మడిచి తొడిగింది. 'ప్రశ్నించండి' అన్న మాట బయటివైపు వచ్చింది. అది ఆ మాటను మెడచుట్టూ వేసుకుని గోడలకు తగులుకుంటూ తిరుగుతుంటే నాకు నవ్వు రాలేదు.

దాన్ని ఒంటికీ రెంటికీ బయటికి తీసుకుపోవడం నా వంతు. వానలో తడవకుండా దానిమీద గొడుగు పట్టుకుని, నేను తడుస్తూ, దాని వెనక వంగి నడిచేవాణ్ణి. మా తాతల కాలంలో మా ఇంటివాళ్లు గుడి కొలువులో ఉండేవాళ్లు. ఉత్సవాల్లో స్వామికి గొడుగు పట్టిన వంశం. ఎదురింటి ముసలమ్మకు ఆ సంగతి తెలుసు.

"ఏమబ్బా, మీ తాత స్వామికి పట్టినాడు, నువ్వు దీనికి పడతా ఉండావా?" అంది గుమ్మంలోంచి. తర్వాత జాలిపడి, "కాలిరిగిందా ఏమి? పుత్తూరుకు ఎత్తకపోయి కట్టు కట్టించు" అంది.

"ఇరిగింది కాలు కాదమ్మా" అన్నాను. వీధి వీధినంతా నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చే అవకాశం అది. గొడుగు పట్టుకుని లోపలికి వచ్చేశాను.

గాయం మానుముఖం పట్టిందనుకున్న సాయంత్రం అయ్యోరు వచ్చారు. మా మండలిలో అదీ ఒక పద్ధతి. చేశానని చెప్పేవాడి ఇంటికి ఎదుటిపక్షంవాడు వెళ్లి కళ్లారా చూసి సభలో సాక్ష్యం చెప్పాలి. వసారాలో కూర్చుని, గడప అవతల నడిమింట్లో పడుకున్న పిల్లను చూశారు.

"చేయించేసినావా!" అన్నారు మెల్లగా. "నేనేదో నోరు ఊరకుండక అన్నాను గదప్పా. నిజంగా కోయిస్తావని అనుకుంటినా?"

"నియమం నియమమే."

"ఏం నియమమో ఏమో. దేవుడిచ్చినదాన్ని కోసేసినాం, అంతే గదా."

దేవుడు అన్న మాట వినిపించడమే తడవు, నాలోని సభ లేచి నిలబడింది. ఇంట్లో రోగి ఉందన్నది మరిచిపోయాను. "దేవుడిచ్చాడా? గోళ్లు కూడా దేవుడే ఇచ్చాడు, కత్తిరించుకోరా? మీ నెత్తిమీది జుట్టు ఎవరిచ్చారని కొండమీద తీయించుకుంటారు?" అని గొంతు పెంచాను. అయ్యోరూ తక్కువవారు కారు. "జుట్టూ అదీ ఒకటేనా? నీకు చేస్తే ఒప్పుకుంటావా?" అని ఆయనా పెంచారు.

నడిమింట్లో చీర కదిలింది. నేను పోట్లాటలో ఉన్నాను, నాకు తోడు కావాలి. అది అంతే అనుకుంది. పడుకున్నచోటు నుంచి ఒక్క దూకు దూకి, మొరుగుతూ పరిగెత్తుకొచ్చి గడప దాటబోయింది. మెడకున్న అట్ట గడపకు తట్టుకుంది. బోర్లా పడింది. పడుతూ అది చేసిన అరుపు నేను రాయలేను.

నా భార్య వంటింట్లోంచి వచ్చి దాన్ని వెల్లకిలా తిప్పి చూసింది. గాయం ఒక కొసన విచ్చుకుని నెత్తురు కారుతోంది. మా ఇద్దరినీ చూసింది.

"గమ్మునుండలేరా మీరు? దాని పానం పోతా ఉండాది, ఈడ మీకు దేవుడు కావాల్సొచ్చినాడా?"

పిల్లను ఎత్తుకుని వానలోకి పరిగెత్తాను. గొడుగు ఎవరు పట్టారో తర్వాతగానీ చూసుకోలేదు. అయ్యోరే. నామం కరిగి ముక్కుమీదికి కారుతుంటే తుడుచుకోకుండా, గొడుగు మొత్తం కుక్కపిల్ల మీదికి వంచి నా పక్కనే పరిగెత్తారు. డాక్టరు మళ్లీ సూది వేసి మళ్లీ కుట్టాడు. నేనే మళ్లీ పట్టుకున్నాను. ఈసారి అది నా చేయి నాకలేదు. "ఇంకోసారి ఊడితే నేనేమీ చెప్పలేను సార్" అన్నాడు. వాపు, వాసన, జ్వరం చూసుకుంటూ ఉండమన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో గొంతు వినిపించలేదు. రేడియో కట్టేశాం. తలుపు గొళ్లెం చప్పుడు కాకుండా గుడ్డ చుట్టాం. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి నా భార్య గాయం చుట్టూ తుడుస్తుంటే, నేను దాని తల పక్కన కూర్చుని మాట్లాడకుండా ఉండేవాణ్ణి. నా జీవితంలో అంత మౌనం ఎన్నడూ లేదు. మౌనంగా ఉంటే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. వాదించేవాడికి ఎదుటివాడు కావాలి. ఎదుటివాడు లేకపోతే తన ముందు తానే మిగులుతాడు. అయ్యోరికి గుడి ఉంది. తప్పు చేశాననిపిస్తే దీపం పెట్టి చెప్పుకుని తేలికపడతారు. నాకు ఆ వసతి లేదు, కావాలనే వదులుకున్నాను. చెప్పుకోవలసింది చెప్పుకోవాలంటే ఎదురుగా అదొక్కటే ఉంది, దానికి నా భాష రాదు. వచ్చినా ఏమి చెప్పేవాణ్ణి? ఆ నియమం పెట్టినప్పుడు మా ఒంటికి, మా పరువుకు నొప్పి తగలాలనే పెట్టాను. ఇంట్లో ఉన్న నోరులేనిదాని ఒంటిమీద ఆ మూల్యం చెల్లించుకోవచ్చని ఎవరూ రాయలేదు. ఆ దారి నేనే కనిపెట్టాను.

వాపు ఒకరోజు పెరిగింది. చేయి పెడితే వేడిగా తగిలింది. అన్నం ముట్టలేదు. నా భార్య పెరుగు వేలికి రాసి నోటి దగ్గర పెడితే చాలాసేపటికి నాకింది. మర్నాడు వేడి తగ్గింది. ఆమె వంటింట్లోకి పోయి కొంగుతో ముఖం తుడుచుకోవడం చూశాను.

ఆదివారం నేను సభకు పోలేదు. అయ్యోరు పోయి, పొద్దుపోకముందే వచ్చి వసారా మెట్టుమీద కూర్చున్నారు. లోపలికి చూసి, గొంతు బాగా తగ్గించి మాట్లాడారు.

"సాక్ష్యం చెప్పేసినానప్పా. చేయించినాడు, నిజమే అంటిని. మనమిద్దరం అరిచి కుట్లు ఊడగొట్టిందీ చెప్తిని. దాచేదానికి ఏముండాది?"

"తీర్మానం?"

"అయిపోయినాది. అందరూ చేతులెత్తిరి. నేనూ ఎత్తితిని. నువ్వు లేవు గదా, బిరీన అయిపోయినాది."

గెలిచాను. గెలిస్తే ఏమేమి అనాలో ముందే సిద్ధం చేసి పెట్టుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. నా భార్య ఆయనకు కాఫీ ఇచ్చింది. ముగ్గురం గుసగుసగా ధరల గురించీ, వానల గురించీ మాట్లాడుకున్నాం.

వాన వెలిశాక కుట్లు విప్పించుకొచ్చాం. గాయం శుభ్రంగా కలిసిపోయిందని, ఇక భయం లేదని, ఎగరనివ్వవచ్చని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి మెడనున్న అట్ట తీసేశాం. అది ఒళ్లు దులుపుకుంది. ఎండ పడుతున్న వసారాలో కూర్చుని, వెనక కాలు ఎత్తి, ఇన్ని రోజులూ అందనిచోట నాకడం మొదలుపెట్టింది. తొందరేమీ లేకుండా, అంచులన్నీ వెతుక్కుంటూ, మధ్యలో ఆగి వాసన చూసుకుంటూ, మళ్లీ నాకుతూ చాలాసేపు చూసుకుంది. ఉన్నదేదో అక్కడ లేదని దానికి తెలిసిందో లేదో నాకు తెలియదు.

"ఇప్పుడు నాకనీండి" అంది నా భార్య. "ఎందుకట్ల చూస్తారు? మానిపోయింది గదా."

అవునన్నాను. పత్రిక తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.