మిల్లులో నేర్చిన మాటలు

వయసంతా నూలుమిల్లులో తెగిన దారాలు అతికిన ఆమెను వీధివారు మైకత్త అనేవారు. యంత్రాల హోరులో పెరిగిన గొంతు. ఇంట్లో ఉప్పడిగితే పక్కింటివారు తెచ్చి ఇచ్చేవారు. ఆ బిరుదును ఆమె భూషణంగానే ధరించింది.

ఆమె దిగులంతా వదిన గురించే. మిల్లులో పక్క యంత్రం మీద పనిచేసిన ఆవిడకు చెవులు పూర్తిగా పోయాయి. అందరూ దగ్గరికొచ్చి అరిచేవారు. అరుపు వినబడదు గాని, అరిచేవారి ముఖంలో విసుగు కనబడేది. అందుకని ఆమె గది దాటడం, మాట్లాడడం మానేసింది. మైకత్తా అందరిలాగే అరిచేది. వేరే దారి ఆమెకు తోచలేదు.

మూతపడిన మిల్లును ఊరివారు పడగొట్టక, గుడికి చేసినట్టు జీర్ణోద్ధరణ చేసి అందరికీ తెరిచారు. బాయిలరు గదిలో కుట్టుమిషన్లు, గోదాములో పిల్లల ఆటలు. నూలు వడికిన పెద్దహాలు చదువుకొనే చోటయింది. ఒకనాడు మైకత్త వదిన చేయి పట్టి లాగింది.

"నేనెందుకే? అక్కడా ఎవరో ఒకరు చెవిలో అరుస్తారు" అంటూనే వదిన కదిలింది.

పైకప్పు అద్దాల్లోంచి వెలుగు, నేలమీద యంత్రాల బోల్టులు దిగిన గుంటలు. వదిన నేరుగా తన యంత్రం ఉండిన స్తంభం దగ్గరికి వెళ్లి నిలబడింది. గుమ్మంలోంచి మైకత్త పిలవబోయింది. హాలు చూసుకొనే అమ్మాయి పెదవులమీద వేలుంచింది.

"అత్తయ్యా, మెల్లగా."

"నేనింకా మొదలే పెట్టలేదమ్మా."

చదువరులందరూ తలలెత్తారు. మైకత్త పిలుపు మింగేసి, వదిన ఇటు తిరగగానే, హోరులో ఒకప్పుడు మాట్లాడుకొన్నట్టే, దూరంనుంచి పెదవులతోనే అడిగింది: "కాళ్లు నొప్పెడుతున్నాయా? కూర్చో."

వదిన పెదవులు కదిలాయి. "నా కాళ్లకేం గాని, నీ చీర వెనక చిరిగింది చూసుకో."

మైకత్త గభాలున వెనక్కి తడుముకొన్నది. చిరుగేమీ లేదు. వదిన భుజాలు కుదుపుతూ నవ్వుతున్నది.

పొడవాటి బల్లకు చెరో చివర కూర్చొని, వీధి కబుర్లన్నీ చప్పుడు లేకుండా ముగించారు. ఈ గోడలను నిలబెట్టిన చేతులకూ, ఆ చేతులకు బుద్ధిచ్చిన పరమాత్మకూ మైకత్త మనసులోనే నమస్కరించింది.

వెళ్లబోతూ వదిన, "అమ్మాయ్, రేపు ఎప్పుడు తీస్తారు?" అని అడిగింది. ఇందాకటినుంచి వీరినే గమనిస్తున్న ఆ పిల్ల అరవలేదు, పెదవులతోనే చెప్పింది.

వదిన కళ్లు చికిలించి చూసి, "కాస్త నోరు బాగా తెరువు తల్లీ" అన్నది.

ఆ పిల్ల మళ్లీ చెప్పింది.