కల్లుప్పులో చెవి మిషన్లు

మా ఊళ్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. సముద్రం పక్కనే ఇళ్లు. కెరటాల హోరు మీద మాట వినపడాలంటే గొంతు పెంచాలి. పుట్టిన దగ్గర్నుంచీ అదే అలవాటు. పక్కన కూర్చున్న మనిషిని కూడా అవతలి ఒడ్డున ఉన్నట్టే పిలుస్తాం. అందుకే నా మనవరాలికి వినపడదన్న సంగతి రెండున్నరేళ్లు వచ్చేదాకా మాకు తెలియలేదు. అందరం అరిచేవాళ్లమే. చేతులు ఊపుతూ అరుస్తాం. ఆ పిల్ల మా చేతులు చూసి వచ్చేది. మేం పిలిస్తే వచ్చిందనుకున్నాం.

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడు అది. నేను ఎండుచేపలు అమ్ముతాను. గజపతినగరం సంతకు పిల్లను వెంట తీసుకెళ్లాను. దాని వెనకాలే ఒక లారీవాడు హారను కొట్టాడు. నెత్తళ్ల చేపలు ఏరుకుంటున్న మనిషి గంప వదిలేసి పక్కకు దూకింది. పిల్ల కదలలేదు. కాగితం ముక్క చింపుకుంటూ అలాగే కూర్చుంది.

"ఈ గుంటకి వినపడతాదా మామ్మా?" అందా మనిషి.

"నీకు కనపడతాదా? కనపడితే సేపలు సూసి కొను" అన్నాను. నా నోరు అటువంటిది.

ఇంటికొచ్చి పిల్ల వెనకాల నిలబడి స్టీలు పళ్లెం నేలకేసి కొట్టాను. తిరిగి చూసింది. ప్రాణం కుదుటపడింది. కానీ మనసు ఊరుకోలేదు. ఈసారి పళ్లెం చేత్తో పట్టుకుని గరిటెతో మోగించాను. తిరగలేదు. మళ్లీ మోగించాను. తిరగలేదు. ఇందాక తిరిగింది నేల అదిరినందుకు. పొయ్యి దగ్గరున్న మా కోడలు చూస్తూనే ఉంది.

కొడుకు అప్పుడు గుజరాత్ వైపు బోట్ల మీద ఉన్నాడు. తిరగాల్సింది మేమిద్దరమే. విజయనగరంలో చెవులు పరీక్ష చేసే చోటుకు రమ్మన్నారు. పరీక్షప్పుడు పిల్ల నిద్రపోవాలట. అందుకని తెల్లారినప్పటి నుంచీ పడుకోనివ్వొద్దన్నారు. బస్సులో దాని కళ్లు మూతలు పడుతుంటే నేను బుగ్గలు గిల్లాను, కోడలు మొహాన నీళ్లు చల్లింది. పక్క సీటు ఆయన "పిల్లను సంపేత్తారేటమ్మా?" అన్నాడు. తలకు వైర్లు అంటించాక అది రెండు నిమిషాల్లో నిద్రపోయింది. ఆ మిషను దాని చెవుల్లో ఎన్ని చప్పుళ్లు చేసినా లేవలేదు. బయట బెంచీ మీద కూర్చుని, ఒక్కసారి ఉలిక్కిపడి లేస్తే బాగుండునని నేను కోరుకున్నాను.

రెండు చెవులూ పోయాయని కాదు, చాలా తక్కువ వినపడుతుందని చెప్పింది ఆ పరీక్ష చేసే అమ్మాయి. మిషన్లు పెడితే మాట వస్తుందంది. "ఇప్పటికే ఆలస్యమైంది. మూడేళ్లు దాటితే కష్టం పెరుగుతుంది. ఒక్క నెల కూడా పోగొట్టుకోవద్దు" అంది.

చెవుల్లో మెత్తని ముద్ద పెట్టి అచ్చులు తీశారు. పది రోజుల తరవాత మిషన్లు వచ్చాయి. పెట్టగానే పిల్ల కళ్లు పెద్దవి చేసి చుట్టూ చూసింది. నేను సంతోషం పట్టలేక "ఏటే బంగారం!" అన్నాను. భయపడి ఏడ్చేసింది.

"నెమ్మదిగా మాట్లాడండమ్మా" అంది ఆ అమ్మాయి.

"నెమ్మదిగానే మాటాడతన్నాను!" అన్నాను. బయట వరుసలో కూర్చున్నవాళ్లంతా లోపలికి తొంగిచూశారు.

మొదటి వారం నరకం. పెట్టడం, పీకడం. పీకి ఒకటి చేపల గంపలో వేసింది. ఇంకోదాన్ని కోడి పొడవబోతుంటే పట్టుకున్నాను. మిషన్లకు దారం కట్టి గౌనుకు పిన్నీసు పెట్టాం. అన్నం తినేటప్పుడు పెట్టేవాళ్లం. నోట్లో ముద్ద ఉన్నంతసేపు పీకదు కదా. రోజూ నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టాం. పక్కింటావిడ వచ్చి, "ఇంత రభసెందుకే? మా తాత అయిదేళ్లకి మాటాడినాడు" అంది.

"మీ తాత మాటాడేక ఏటేటి కూసినాడో ఊరందరికీ తెల్సు. ఆ మాటలు రాకపోయినా పర్నేదు" అన్నాను.

రెండు నెలలకు రోజంతా ఉంచుకోవడం అలవాటైంది. వెనక నుంచి పిలిస్తే తిరిగింది. ఒకనాడు "మా" అంది. అది అమ్మో మామ్మో నేనూ కోడలూ తేల్చుకోలేకపోయాం.

అప్పుడు వానలు పట్టుకున్నాయి. మా ఊరి గాలే తడి. వానల్లో గోడలు కూడా చెమరుస్తాయి. మిషన్లలో మాట మందగించింది. మేం రెండుసార్లు పిలిస్తే ఒకసారి తిరుగుతోంది. తేమ పీల్చే నీలం గుళికల డబ్బీ ఒకటి ఇచ్చారు. ఆ గుళికలు తేమ నిండి గులాబీ రంగుకు తిరిగాయి. కొత్తవి విజయనగరంలో తప్ప దొరకవు. అదే వేళకు పిల్లకు జ్వరం వచ్చింది. రెండు రోజులు మిషన్లు తీసి ఉంచాం.

నేను యాభై దాటాక చదువుకున్నదాన్ని. మహిళా సంఘంలో వేలిముద్ర వేయడం సిగ్గనిపించి సంతకంతో మొదలుపెట్టాను, కూడబలుక్కుని చదివేదాకా వచ్చాను. మిషన్లతో ఇచ్చిన కాగితం తీసి వేలు పెట్టి చదివాను. 'తడి తగలనివ్వరాదు. పొడిగా ఉంచాలి.' ఎవరి సాయమూ లేకుండా చదివాను. ఆ గర్వంలో ఉన్నాను. పొడిగా ఉంచడం నాకొకరు నేర్పాలా? నలభై ఏళ్లుగా నేను చేస్తున్న పనే అది. చేపలోంచి నీళ్లు లాగేది ఏది? ఉప్పు. పలచని గుడ్డలో మిషన్లు చుట్టి, కల్లుప్పు జాడీలో పూడ్చి, మూత పెట్టాను. రెండు రోజులు ఉంచాను.

తీసేసరికి గుడ్డ తడిసి ఉంది. వానాకాలంలో ఉప్పు కూడా చెమ్మగిల్లుతుందని నాకు తెలియదా? తెలుసు. ఆ తడిలో ఎన్ని చేపలు పాడయ్యాయో కూడా తెలుసు. తెలిసీ చేశాను. తుడిచి డబ్బీలో పెట్టేశాను. జ్వరం తగ్గాక కోడలు పిల్లకు మిషన్లు పెట్టింది. పిలిచింది. బ్యాటరీలు మార్చింది. మళ్లీ పిలిచింది. పిల్ల గోడ మీద చీమల్ని చూస్తోంది.

"అత్తా, నువ్వేటైనా సేసినావా?"

"నానేటి సేస్తాను" అన్నాను.

ఊరందరికీ మొహం మీదే చెప్పేదాన్ని, నా కోడలి మొహం చూసి అబద్ధమాడాను.

మర్నాడు విజయనగరంలో ఆ అమ్మాయి బ్యాటరీ తలుపు తెరిచింది. లోపల తెల్లగా పేరుకుని ఉంది. "సముద్రపు గాలికి ఇంత పట్టదమ్మా" అని మా ఇద్దరినీ చూసింది. కోడలు తల అడ్డంగా ఊపింది. ఇక నోరు మూసుకుంటే ఆ తప్పు కోడలిదవుతుంది.

"నానే. ఉప్పులో ఎట్టినాను" అన్నాను.

ఆ అమ్మాయి తిట్టలేదు. కంపెనీకి పంపాలి, మూడు వారాలైనా పట్టవచ్చు అంది. "ఈలోగా పిల్ల వెనక్కి వెళ్తుంది. మళ్లీ పెట్టినప్పుడు మొదటిరోజులాగే ఒప్పుకోకపోవచ్చు. సిద్ధంగా ఉండండి" అంది.

బస్సులో కోడలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సగం దారి దాటాక ఒక్కమాట అంది. "సేసినందుక్కాదత్తా. నేదని సెప్పినావు సూడు."

ఆ మూడు వారాలూ నేను సంతకు వెళ్లలేదు. పిల్లనే చూస్తూ కూర్చున్నాను. మొదటి నాలుగు రోజులు "మా" అంటూనే ఉంది. అయిదోరోజు తగ్గింది. తరవాత చెయ్యి పట్టి లాగడం, వేలు చూపడం, అంతే. పోయిన నెలలో వచ్చింది ఈ నెలలో పోతోంది. మూడేళ్లు నిండడానికి ఎంతో లేదు. నేను దాని ఎదుట కూర్చుని నోరు పెద్దగా తెరిచి "మా, మా" అనేదాన్ని. అది నా పళ్లు చూసి నవ్వేది. మాట మాత్రం రాలేదు. కోడలు నాకు అన్నం పెట్టేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అంతకు మించి లేదు.

మిషన్లు బాగై వచ్చాయి. విజయనగరంలో పెడితే పిల్ల కేకలు పెట్టి రెండూ పీకేసింది. బస్సులో కోడలు పెట్టింది, పీకేసింది. ఇంటికొచ్చాక మళ్లీ పెట్టింది. ఈసారి చెవి ఎర్రబడేలా లాగేసుకుంది. కోడలు వాటిని గుడ్డతో తుడిచింది. తరవాత నా ముందు చాపింది.

"నువ్వెట్టత్తా. నానెడితే తీసేస్తన్నాది."

నేను తీసుకోలేదు. "మళ్లీ నా సేతికా?"

"మరెవులున్నారు? నాను అన్నం వొండాల."

చేతులు సబ్బుతో కడిగి, చీరకు తుడిచి, ఆరేదాకా ఆగాను. పిల్లను ఒళ్లో వేసుకున్నాను. దాని ముందు చింతగింజలు పోసి రెండు గిన్నెలు పెట్టాను. అది ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి గింజలు పోయడంలో పడిపోయింది. కుడి చెవికి పెట్టాను. తల విదిలించింది. ఆగాను. ఎడమ చెవికి పెట్టాను. చెయ్యి చెవి మీదికి వెళ్లింది. చెయ్యి మళ్లీ గింజల్లోకి దిగింది.

గిన్నెలోకి గింజలు పోసింది. ఠక్కున ఆగింది. గిన్నెలోకి చూసింది. మళ్లీ పోసింది.

"ఉన్నాయా అత్తా?" లోపల్నుంచి కోడలు.

"ఉన్నాయి."

కాసేపయ్యాక మళ్లీ, "ఉన్నాయా?"

"ఉన్నాయి."

నా కాళ్లు తిమ్మిరెక్కాయి. కదిలితే పిల్ల ఆట ఆగుతుందని కదల్లేదు. అది గింజలు కాసిని కాసిని పోస్తూ, మధ్యలో ఆగి వింటోంది. రేపు ఉంచుకుంటుందో లేదో నాకు తెలియదు. గంట తరవాత ఏం చేస్తుందో కూడా తెలియదు.

"అత్తా, ఇంకా..."

"ఉన్నాయే, ఉన్నాయి. నువ్వు అన్నం సూసుకో, మాడుకంపు వస్తన్నాది."