కాగితానికి ఒకవైపే

దేశ రాజధానిలోని మునిర్కాలో గది అద్దెకి తీసుకున్న ప్రతి తెలుగు విద్యార్థికీ ముందు కుళాయి నీళ్లు ఎన్నింటికి వస్తాయో చెప్పేవారు, ఆ వెంటనే వెంకటసుబ్బయ్యగారి విడాకుల సంగతి చెప్పేవారు. ఆయన భార్య విసిగిపోయి విడాకుల అర్జీ రాస్తే, ఆయన దాన్ని ఎర్రసిరాతో దిద్ది, "మూడో పేరా బలహీనంగా ఉంది, మళ్లీ రాయండి" అని పక్కన రాసి తిప్పి పంపారట. ఆవిడ మళ్లీ రాసిందట. ఆయన మళ్లీ దిద్దారట. నాలుగో ప్రతి నచ్చాక, "ఇప్పుడు బాగుంది" అని మెచ్చుకుని, తనే ఆటోలో ఆవిడని కోర్టు దగ్గర దింపి వచ్చారట.

ఈ మాట నమ్మనివాళ్లు లేరు. ఆయన్ని ఒక్కసారి చూస్తే చాలు, నమ్మాల్సిందే. వెంకటసుబ్బయ్యగారు నోటిమాట పుచ్చుకోరు. ఎవరు ఏం చెప్పబోయినా అరచెయ్యి అడ్డం పెట్టి, "రాసివ్వండి. కాగితానికి ఒకవైపే. ఎడమపక్క రెండు వేళ్ల మార్జిన్" అంటారు. ఇల్లు తగలబడుతోందని చెప్పినా అదే అంటారని మేడమీద విద్యార్థులు పందెం కట్టారు గానీ, ఇల్లు తగలబెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఆయన దర్యాగంజ్‌లో తెలుగు పుస్తకాలు వేసే ఓ చిన్న సంస్థకి సంపాదకుడు. ఆ ఆఫీసులో కుర్చీ వేస్తే తలుపు పడదు, తలుపు వేస్తే కుర్చీ పట్టదు. అందుకని పనంతా మునిర్కా గదిలోనే చేసుకునేవారు. ఆ గదిలోకి మాణిక్యం అడుగుపెట్టింది డెబ్బై ఎనిమిదిలో.

మాణిక్యం కంటోన్మెంటులో ఉండే సుబేదారు బసవరాజు కూతురు. తండ్రికి అంబాలా, ఝాన్సీ, జబల్‌పూర్ అంటూ బదిలీలు కావడంతో ప్రతి ఊళ్లోనూ కొత్త బడి, కొత్త పుస్తకాలు. తొమ్మిదో తరగతిని మూడు ఊళ్లలో మూడుసార్లు చదివి, ఇక చాలని మానేసింది. పంతొమ్మిదేళ్లొచ్చినా కొత్తవాళ్ల ముందు నోరు పెగిలేది కాదు. తల్లి నాగేంద్రమ్మ వెంటబెట్టుకుని తీసుకొచ్చిన రోజున, ఏం పని వచ్చని వెంకటసుబ్బయ్యగారు అడిగితే నేలకేసి చూస్తూ నిలబడింది.

"చెప్పొద్దు," అన్నారాయన. "రాసివ్వండి."

మాణిక్యానికి ప్రాణం లేచొచ్చింది. రెండు వాక్యాలు రాసిచ్చింది. ఆయన వాక్యాలు చదవలేదు, అక్షరాలు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఘాజియాబాద్ బతికిపోయింది," అన్నారు.

ఆ మాటకి కారణం ఉంది. పుస్తకాలు అచ్చయ్యేది ఘాజియాబాద్‌లో. అక్కడి ప్రెస్సులో తెలుగు అక్షరాలున్నాయి గానీ, అవి కూర్చే మనుషుల్లో ఒక్కరికీ తెలుగు రాదు. కాగితం మీద బొమ్మ ఎలా ఉంటే అలాంటి సీసపు ముక్క వెతికి పేర్చేవారు. ఓ ఆయుర్వేదం డాక్టరుగారి చేతిరాత చూసి వాళ్లు ఒక అధ్యాయమంతా తలకిందులుగా పేర్చేశారు. అది అజీర్తి గురించిన అధ్యాయం. ఆ పుస్తకమే అన్నిటికంటే బాగా అమ్ముడుపోయింది. అయినా ప్రతిసారీ ఆ అదృష్టం పట్టదు కదా. గుండ్రంగా, విడివిడిగా, పళ్లెంలో ఇడ్లీల్లా కూర్చునే మాణిక్యం అక్షరాలు వెంకటసుబ్బయ్యగారికి వరమయ్యాయి. రచయితల రాతప్రతులు శుభ్రంగా సాపు రాయడం ఆమె పని. మాట్లాడమని ఎవరూ అడగని చోటు లోకంలో ఆమెకి అదొక్కటే దొరికింది. ఏ రోజైనా బస్సు ఆలస్యమైతే నడక మొదలుపెట్టేది.

గదిలో ఓ మూల కూర్చుని రాస్తూ అన్నీ చూసేది. పాలవాడు నీళ్లు కలుపుతున్నాడని ఆయన ఓసారి ఫిర్యాదు రాసి ఇచ్చారు. పాలవాడికి చదువు రాదు. మేడమీద విద్యార్థిని బతిమాలి హిందీలో జవాబు రాయించుకొచ్చాడు. ఎండాకాలం గేదె ఎక్కువ నీళ్లు తాగుతుందనీ, తాగిన నీళ్లు ఎక్కడికి పోతాయనీ అందులో ఉంది. ఆయన రెండుసార్లు చదివి, వాదన పకడ్బందీగా ఉందని ఒప్పుకుని, ఆ రోజు నుంచి ఆ నీళ్లపాలే కిమ్మనకుండా తాగారు.

ఇంటి యజమాని చౌధరీసాబ్ గది ఖాళీ చేయమని ఎనిమిదేళ్లుగా చెబుతున్నాడు. ఆయనా రాసిచ్చాడు. అది ప్రతి దీపావళికీ ఎర్రసిరాతో తిరిగి వెళ్లేది. "మాస్టర్‌జీ, ఈసారైనా తీస్రా పేరా ఠీక్ హై?" అని చౌధరీసాబ్ గుమ్మంలో నిలబడి ఆశగా అడగడం మాణిక్యం చెవులారా విన్నది. "కొంచెం మెరుగుపడింది," అన్నారు వెంకటసుబ్బయ్యగారు. దానికే పొంగిపోయి ఆయన లస్సీ పంపించాడు.

వెంకటసుబ్బయ్యగారి చెల్లెలు హైమవతిగారు బెజవాడ నుంచి వచ్చి, మళ్లీ పెళ్లి చేసుకోమని ఏడుస్తూ పదకొండు పేజీలు రాసిచ్చారు. ఆయన వాటిని నాలుగు చేశారు. ఏడుపు పోలేదు గానీ, ప్రతి ఏడుపుకీ ఒక కారణం వచ్చి చేరింది. ఆవిడ ఆ నాలుగు పేజీలూ ఇంటికి పట్టుకెళ్లి, పేర్లు మార్చి మొగుడికి చదివి వినిపించి, ఆయన చేత చుట్ట మాన్పించారు. అన్నగారి పెళ్లి సంగతి ఆ తర్వాత ఎత్తలేదు.

పెళ్లి ఆలోచన ఆయనకి లేకపోలేదు. తెలుగు బడిలో టీచరు లలితకుమారిగారికి మూడు పేజీల ఉత్తరం రాసి, "ఇది చిత్తుప్రతి. మీ సూచనలు మార్జిన్‌లో రాయగలరు" అని పంపారు. ఆవిడ ఆయనకి తగిన మనిషే. మొదటి రెండు పేజీలూ కొట్టేసి, మూడో పేజీలో "ఆదివారం మీకు తీరికేనా?" అన్న వాక్యం ఒక్కటే ఉంచి, దాని పక్కన "తీరికే" అని రాసి పంపింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఇద్దరూ బేర్ సరాయ్ దాకా నడిచి పాత పుస్తకాలు చూసి వచ్చేవారు. పెళ్లి చేసుకుందామా అని అడిగే ఉత్తరం మాత్రం ఏడాదిన్నరగా తయారవుతూనే ఉంది.

అంతా ఇలా సాగుతుండగా, విడాకుల కథ నడుచుకుంటూ కంటోన్మెంటు చేరింది. క్యాంటీనులో ఎవరో బసవరాజు చెవిన వేశారు. దారిలో దానికి కొమ్ములు మొలిచాయి. భార్యని హింస పెట్టి తరిమేసిన మనిషి గదిలో మీ పిల్ల పని చేస్తోందట కదా అన్నారు. ఆ ఆదివారమే ఆయన మీసం దువ్వుకుని, మాణిక్యాన్ని వెంటబెట్టుకుని మునిర్కా వచ్చాడు.

"చూడప్పా, నేను సిపాయి మనిషిని. సీదాగా మాట్లాడతా. మీ గురించి జనం ఏమేమో అంటాండారు."

"మాట్లాడకండి సుబేదారుగారూ. రాసివ్వండి. కాగితానికి ఒకవైపే."

వేరేవాళ్లయితే కలబడేవారు. బసవరాజు ఇరవై రెండేళ్లు సైన్యంలో పని చేసినవాడు. కాగితం అడిగితే కాదనడం ఆయనకి చేతకాదు. "ఠీక్ హై. రాసే ఇస్తా. మాకు రాయను రాదనుకుంటివా?" అని వెనక్కి తిరిగాడు.

రాశాడు. ఆయన చేతిరాత ఆయనకే అంతుపట్టదు కాబట్టి సాపు రాసే పని మాణిక్యం మీద పడింది. తన ఉద్యోగం పోగొట్టే ఫిర్యాదుని తనే గుండ్రంగా, రెండు వేళ్ల మార్జిన్‌తో రాసింది. ఒక్క అక్షరమూ వంకర పోలేదు.

మొదటి ప్రతి వెంకటసుబ్బయ్యగారికి నచ్చలేదు. "తమ దివ్య సముఖమునకు విన్నవించుకొనునది అంటూ మొదలుపెట్టారేమిటండీ? తిట్టడానికి వచ్చి దణ్ణం పెడతారా? కోపం మొదటి వాక్యంలోనే కనిపించాలి," అన్నారు. రెండో ప్రతిలో కోపం కుదిరింది. మూడో పేరా మాత్రం బలహీనం. "జనం అంటున్నారు అని రాశారు. జనం ఎవరు? ఆధారం ఏది? ఇది చదివితే నాకే నా మీద అనుమానం రావడంలేదు."

బసవరాజుకి పట్టుదల వచ్చింది. పొద్దున్నే పెరేడు నుంచి రాగానే కాగితం ముందేసుకునేవాడు. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడా మొదట కోపం, తర్వాత ఆధారం అంటూ వరసగా చెప్పసాగాడు. "లడాయికి పోయేనాడు గూడా ఇంత ఆలోచన చేయలేదు నువ్వు," అన్నది నాగేంద్రమ్మ. మాణిక్యం మాత్రం ఆ మూడో పేరా ఎప్పటికీ కుదరకూడదని లోలోపల మొక్కుకుంటూ ఉండేది. చౌధరీసాబ్‌కి ఎనిమిదేళ్లయినా కుదరలేదు కదా, నాన్నకి కనీసం నాలుగైనా పట్టదా అనుకునేది.

మూడు వారాలే పట్టింది. కోర్టులో పనిచేసే ఓ తెలుగు గుమాస్తాని పట్టుకుని బసవరాజు ఏడేళ్ల కిందటి విడాకుల తీర్పు నకలు సంపాదించాడు. మూడో పేరాలో అదంతా దించాడు: మీరు భార్యను కొట్టినారు, అన్నం పెట్టలేదు, చదువు మాన్పించినారు, ఇవన్నీ కోర్టులో మీ నోటితో మీరే ఒప్పుకున్నారు. ఆ పేరా సాపు రాస్తూ మాణిక్యం ఒక్కో మాట దగ్గరా ఆగింది. చీమ పాకుతుంటే కాగితం వంచి దాన్ని దింపి, అప్పుడు రాసుకునే మనిషి ఆమెకి తెలుసు. కానీ తీర్పు మీద కోర్టువారి ముద్ర ఉంది.

వెంకటసుబ్బయ్యగారు మూడో పేరా చదివి ఎర్రకలం మూత పెట్టేశారు.

"బలంగా ఉందండీ. దిద్దడానికేమీ లేదు."

గెలిచిన బసవరాజు మొహంలో గెలుపు లేదు. "అంటే ఇదంతా నిజమేనా సార్?"

"కోర్టువారు రాసిచ్చారు కదా."

ఇక మాట్లాడటానికేముంది. రేపటినుంచి పిల్ల రాదన్నాడు బసవరాజు. న్యాయమే అన్నారు వెంకటసుబ్బయ్యగారు. మాణిక్యం వెళ్లబోతుంటే అల్మారా అడుగునుంచి పాత చిత్తుకాగితాల కట్ట ఒకటి దుమ్ము దులిపి ఇచ్చారు. "అన్నీ ఒకవైపే రాసినవి. వెనకవైపు ఖాళీగా ఉంది. మీరు రాసుకోండి, చేతిరాత పోనివ్వకండి," అన్నారు. ఆ కట్టలో ఏముందో ఆయన చూడలేదు. వెనకవైపు ఖాళీగా ఉందా లేదా అన్నది ఒక్కటే చూశారు.

మాణిక్యం రోజుకి నాలుగు కాగితాల వెనక రాసుకుంది. ఐదో రోజు ఒక కాగితం తిరగేసి, ముందువైపు చూసి, లేచి నిలబడింది. ఇంకా రెండు కాగితాలు చూసింది. మూడూ తీసుకెళ్లి తండ్రి చేతిలో పెట్టింది.

"నాయనా, ఇది చదువు. నీలం సిరా సారుది. ఎరుపు సారుది కాదు."

అంత పొడుగు మాట ఆమె నోట విని బసవరాజు ముందు ఆమెకేసి చూశాడు. చేతిరాతల సంగతిలో ఆమె మాటకి తిరుగులేదు. అది వకీలు ఇంగ్లీషులోకి మార్చుకోవడానికి రాసిన విడాకుల అర్జీ చిత్తు. అన్నపూర్ణేశ్వరి అనే నేను, అంటూ వెంకటసుబ్బయ్యగారి నీలం అక్షరాల్లో మొదలైంది. మార్జిన్‌లో ఎర్రసిరాతో వేరే చెయ్యి, సన్నగా, వాలుగా. బసవరాజు పైకి చదివాడు.

"నా భర్త నన్ను రోజూ కొట్టేవాడు." పక్కన ఎరుపు: "బొద్దింకని చూసి మంచమెక్కే మనిషి. తీసేయండి." కింద నీలం: "కొట్టకపోతే జడ్జిగారు వినరు. ఉంచాలి."

"అన్నం పెట్టేవాడు కాదు." ఎరుపు: "వంట చేసేదే మీరు." నీలం: "కోర్టువారు మన వంటింట్లోకి రారు."

"చదువు మాన్పించాడు." ఎరుపు: "ఇది మాత్రం ఒప్పుకోను. నర్సింగు కాలేజీకి రోజూ సైకిలు మీద దింపినవారు మీరు." నీలం: "సైకిలు సంగతి ఎవరికీ చెప్పకండి. కేసు పోతుంది."

నాగేంద్రమ్మ బియ్యం చేట పక్కనపెట్టి పకపక నవ్వింది. బసవరాజు చివరి కాగితం చదివేసరికి గొంతు తగ్గించాడు. ఎరుపు ఇలా అడిగింది: "నేనే ఇంకొకరిని ఇష్టపడ్డానని నిజం రాస్తే పోదా? మీరెందుకు చెడ్డవారు కావాలి?" నీలం జవాబు: "విడిపోదామని ఇద్దరం అడిగితే ఇచ్చే చట్టం లేదు. ఎవరిదో ఒకరి తప్పు చూపాలి. మీకు ముందు కాపురం ఉంది, నాకు పుస్తకాలే కదా. పైగా నేనెవరితోనూ మాట్లాడను. నన్నెవరు అడుగుతారు?"

మర్నాడు బసవరాజు కూతుర్ని తీసుకుని మునిర్కా వచ్చి, గుమ్మంలో మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు.

"నా ఫిర్యాదు వాపసు తీసుకుంటాండా సార్."

"రాసి..."

"రాయను. నోటితోనే చెబుతాండా. మా మాణిక్యం ఈరోజే పనిలోకి వస్తాది."

"కారణం లేకుండా ఎలాగండీ? అంత మంచి మూడో పేరా..."

బసవరాజు కూతురికి సైగ చేశాడు. మాణిక్యం ముందుకొచ్చి మూడు కాగితాలు బల్లమీద పెట్టింది. "వీటి వెనక ఏమీ రాయలేదు సార్," అంది.

వెంకటసుబ్బయ్యగారు చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాత, "సరే, రండి. ఘాజియాబాద్ వాళ్లు రెండుసార్లు మనిషిని పంపారు," అన్నారు. నోటిమాట మీద ఆయన ఒప్పుకున్నది అదే మొదలు.

రెండోది దసరా వెళ్లాక జరిగింది. పెళ్లి ఉత్తరం తొమ్మిదో ప్రతి దిద్దుతుండగా లలితకుమారిగారు కలం లాక్కుని, అవునని చెప్పేసి వెళ్లిపోయారు. ఆయన అడ్డం పెట్టిన అరచెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

మునిర్కాలో కొత్తగా దిగిన వాళ్లకి ఆ విడాకుల కథ ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. బసవరాజు వింటే మీసం దువ్వుకుని ఊరుకుంటాడు. మాణిక్యం తలెత్తకుండా రాసుకుంటుంది. కథలో దాదాపు అంతా సరిగ్గానే ఉంది: అర్జీ ఉంది, ఎర్రసిరా ఉంది, నాలుగు ప్రతులూ నిజమే, ఆటో కూడా నిజమే. కాకపోతే, అర్జీ రాసింది వెంకటసుబ్బయ్యగారు. దిద్దింది అన్నపూర్ణేశ్వరిగారు.