డెబ్బై రెండు వచ్చినా ఫెయిలే

కువైట్‌లోని సులైబియాలో ఒక గోడౌన్‌లో స్టాకు రాసే పని నాది. కడపలో మధ్యలో ఆగిపోయిన డిగ్రీని ఎలాగైనా పూర్తి చేయాలని, ముప్పై ఏడేళ్ల వయసులో సాల్మియాలోని ఒక ప్రైవేటు కాలేజీలో సాయంత్రం క్లాసులకు చేరాను.

అకౌంట్స్ పుస్తకం మొత్తం నాకు కొట్టినపిండి. రాత పరీక్షలో క్లాసులో నాదే మొదటి మార్కు. కానీ ఆ కోర్సులో అందరి ముందూ నిలబడి ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటుంది, పది మార్కులకు. మొత్తం మీద ఎన్నొచ్చినా సరే, దాంట్లో నాలుగు రాకపోతే కోర్సే పోయినట్టు.

ఆ రోజు డ్యూటీ దిగే వేళకు కంటెయినర్ వచ్చింది. పరీక్ష ఉందని సూపర్‌వైజర్‌ను బతిమాలాను. "ముందు ఇది ఖలాస్ చెయ్, తర్వాత పో" అన్నాడు. చెమట చొక్కాతోనే రెండు బస్సులు మారి వెళ్లేసరికి అందరివీ అయిపోయాయి. మేడమ్ జాలిపడి ఐదు నిమిషాలిచ్చింది. ఆయాసానికి మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. మూడు వేసింది.

మొత్తం డెబ్బై రెండు. ఫలితం ఫెయిల్.

"పని వల్లే ఆలస్యమైందని మీ కంపెనీ నుంచి లెటర్ తీసుకురండి, ఇంకో అవకాశం ఇప్పిస్తాను" అంది మేడమ్.

సూపర్‌వైజర్‌ను అడిగితే నవ్వాడు. "డ్యూటీ అయ్యాక కూడా నిన్ను ఆపానని నా చేత్తో నేనే రాసివ్వాలా?"

నా గదిలో ఉండే నిజామాబాదాయన మార్కుల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "డెబ్బై రెండొచ్చినోడు ఫేలెట్లయితడే? గిదేం లెక్క?"

కాగితం తీసుకుని మడిచి పెట్టెలో పెట్టాను.

తర్వాతి టర్ములో అదే కోర్సులో మళ్లీ కూర్చున్నాను. ఈసారి పుస్తకం ముట్టబుద్ధి కాలేదు. మాట్లాడే పరీక్షకు మాత్రం నాలుగు పేజీలు బట్టీపట్టి, కడుపునొప్పని అబద్ధమాడి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ఏడు వచ్చాయి. రాత పరీక్ష బొటాబొటిగా గట్టెక్కింది. మొత్తం యాభై ఒకటి. పాస్.

ఇంటికి ఫోన్ చేస్తే, "పాసైనావా! మరి గొంతు అట్లుందేం?" అంది నా భార్య.

"జలుబు" అన్నాను.

మర్నాడు గోడౌన్‌లో సూపర్‌వైజర్ అభినందిస్తూ చెయ్యి చాపాడు. "మబ్రూక్! ఈసారి బాగా చదివినట్టున్నావ్."

చెయ్యి కలిపాను. ఆ ఉద్యోగం నాకు కావాలి మరి.