బందెల దొడ్డిలో పెళ్ళి పత్రిక

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తే తరవాత ఎవరూ అడగరు. రక్తం తీసేవాడికి చెయ్యి నెమ్మదిగా ఉంటే చాలు, నోరు కూడా నెమ్మదిగా ఉండాలని రూలేమీ లేదు. నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీది ఒక ప్రైవేటు దవాఖానలో నేను ల్యాబు టెక్నీషియన్ని. పేరు యోహాను. దవాఖాన పేరు మాత్రం చెప్పను. నేను చెప్పదలచుకున్నది దాని గురించి కాదు, అందులో పనిచేసిన అండాలు గురించి. ఆమె మంచి పేరు ఎవరి వల్ల పోయిందో నాకు తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకొని ఉండటం నా వల్ల కాదు.

అండాలుది రామన్నపేట దగ్గర పల్లె. గొర్రెల కాపరుల ఇల్లు. తండ్రి ఎల్లస్వామి సాయంత్రం మంద తోలుకొచ్చే వేళకు ఈ పిల్ల దొడ్డి వాకిట్లో కర్ర పట్టుకొని నిలబడేదట. ఒంటి మీద తమ ఎర్ర జాజు గుర్తు ఉన్న గొర్రె లోపలికి. గుర్తు లేనిది బయటికి. కుంటేది, నోట్లో చొంగ కార్చేది కనిపిస్తే పక్కన ఇంకో చిన్న దొడ్డి ఉండేది, నయమయ్యేదాకా దాన్ని అందులో పెట్టాలి. ఒకసారి మేనమామ మంద నుంచి ఒక గొర్రె వచ్చిందని, మనవాళ్ళదే కదా అని లోపలికి వదిలేసింది. ఆ ఏడు సగం మందకు గాలికుంటు తగిలింది. ఎల్లస్వామి కొట్టలేదు, తిట్టలేదు. “సుట్టపోల్ల గొర్రె అయినా రోగం రోగమే బిడ్డా” అన్నాడట, అంతే. ఈ మాట నాకు అండాలే చెప్పింది, ఒకసారి కాదు, చాయ్ తాగిన ప్రతిసారీ.

నల్లగొండలో డిగ్రీ చదివింది. లారీ డ్రైవరును చేసుకుంది, అతను నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. రాష్ట్రం వచ్చిన మరుసటేడు మా దవాఖానలో కంప్యూటరు పనికి చేరింది. చేర్పించింది రాజేశ్. అండాలుకు పెద్దనాన్న కొడుకు, మా దవాఖాన మేనేజరు. ఆయనకు సొంత అక్కచెల్లెళ్ళు లేరు, ఈమెకు అన్నదమ్ములు లేరు. రాఖీ పున్నానికి ఆయన మణికట్టు మీద కనిపించేది అండాలు కట్టిన రాఖీ ఒక్కటే. “మా అన్న లేకుంటే నేను గొర్ల ఎనక పోయేదాన్ని యోహానన్నా” అనేది. నిజమే, ఆయన చేసిన మేలు కాదనను. కాదనలేకే నాకు మరీ మండుతుంది.

కొన్నేళ్ళకు హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు వచ్చి మా దవాఖాన మెయిలుకు ఫిల్టర్ పెట్టిపోయాడు. అప్పటికే రిపోర్టులన్నీ మెయిల్లోనే వచ్చిపోతుండేవి, ఇన్సూరెన్సు కాగితాలూ అంతే. వాటి మధ్యలో వైరస్ ఫైళ్ళు దూరి వస్తాయి. ఫిల్టర్ అనుమానం ఉన్నవాటిని ఆపి ఒక పక్కన పెడుతుంది. వాటిని చూసి, మంచివైతే వదిలే పని అండాలుది. కుర్రాడు ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పాడు. అండాలు మాత్రం, “ఓ, బందెల దొడ్డి” అంది. పంటచేలో పడ్డ పశువుల్ని తోలి పెట్టే దొడ్డి అన్నమాట. ఆ రోజు నుంచి దవాఖానంతా అదే పేరు.

ఇక చూడండి ఆమె కావలి! ఎవరికైనా మెయిలు రాకపోతే, “బందెల దొడ్డిల పడ్డదేమో, అండాలును అడుగు” అనేవాళ్ళు. పెద్ద డాక్టరు గారికి ఎవరో స్నేహితుడు పంపిన ఫైలును కూడా ఆపేసింది. ఆయన తన గది నుంచి తనే నడిచి వచ్చి, “నాది కూడానా అమ్మా?” అని అడిగితే, “మీది కాబట్టే సార్, మీ దగ్గరికి పోతే అందరి దగ్గరికి పోయినట్టే” అంది. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. నర్సులు మాత్రం పళ్ళు కొరికేవాళ్ళు. ఫోటోలు రానియ్యదు, పాటలు రానియ్యదు, మహా చాదస్తమని. నేనూ ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను లెండి.

ఆ ఏడు వైశాఖంలో రాజేశ్ కూతురు మనస్విని పెళ్ళి కుదిరింది. రాజేశ్ ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చొని, ఎక్కడో ఉచితంగా దొరికిన ప్రోగ్రాంతో పత్రిక తయారుచేశాడు. వినాయకుడూ అరటిచెట్లూ సన్నాయీ అన్నీ ఉన్నాయట. దవాఖాన సిబ్బందికంతా మెయిల్లో పంపాడు. ఒక్కరికీ అందలేదు. అన్నీ బందెల దొడ్డిలో పడ్డాయి.

మధ్యాహ్నం నేనూ అండాలూ ఆమె గదిలో సద్ది విప్పుకొని కూర్చున్నాం. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. రాజేశ్ గుమ్మంలోకి వచ్చాడు, మొహం గంటుపెట్టుకొని.

“ఏందే చెల్లె, పెండ్లి పత్రికను బందెల దొడ్డిల ఏసినవట?”

“నేనెయ్యలే అన్నా, ఫిల్టరే ఆపింది. గది ఫోటో కాదు. పేరు ఫోటోదే ఉన్నది గని లోపల ఏదో ప్రోగ్రాం ఉన్నది. నువ్వు ఏడ తయారు చేసినవో, గక్కడ్నే తగిలినట్టుంది.”

“నా బిడ్డ పత్రికల రోగమా?”

“నీ బిడ్డది కాదు, ఫైలుది. పత్రికను ఫోన్ల ఫోటో తీసి పంపు, అందరికి ఇప్పుడే ఏస్త. లేకుంటే ప్రింటు ఇయ్యి, నేనే అందరికి పంచుత.”

“ప్రింటు వారానికి గని రాదు. రేపు మంగళారం, ఎల్లుండి అమాస. ఇయ్యాల్నే మంచిరోజు, పసుపు పెట్టి దేవుని ముందట ఉంచి పంపిన పత్రిక. పసుపు పెట్టిన పత్రికను ఎవలన్న గడప అవతల నిలబెడ్తరా?”

“పసుపు కంప్యూటరు మీద పెట్టినవ్ అన్నా, ఫైలుకు తగల్లే” అని నవ్వింది అండాలు. రాజేశ్ నవ్వలేదు.

“మేనత్తవు నువ్వు. మేనత్తే పత్రికను ఆపితే పిల్ల పెండ్లి మంచిగైతదా? రేపు ఏమన్న అయితే నువ్వు తట్టుకుంటవా? ఇడువు. ఏమన్న అయితే నాది జిమ్మ. నేను చెప్తున్న, ఇడువు.”

అండాలు చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. మా దేశాన పెళ్ళి పత్రికను వెనక్కు తిప్పడమంటే ఊరికే కాదు. శత్రువు తెచ్చిచ్చినా లేచి నిలబడి రెండు చేతులతో పుచ్చుకుంటాం. అందులో ఈమె పిల్లకు మేనత్త. నేను, “ఎందుకు సార్, ఫోటో తీసి పంపితే పోదా” అన్నాను. “నువ్వు రొట్టె తిను యోహాను” అన్నాడు రాజేశ్. అండాలు చెయ్యి కడుక్కొని వచ్చి, పత్రికలన్నీ వదిలేసింది. “అన్న చెప్పినంక ఇగ ఏమున్నది” అంది నాతో. గొంతులో భయం ఉంది.

రిసెప్షన్లో పిల్ల తెరిచింది, నర్సులు తెరిచారు. వినాయకుడు కనిపించాడు, సన్నాయి మోగింది, బాగుంది బాగుంది అన్నారు. చీకటి పడేసరికి ఒక్క రిపోర్టూ తెరుచుకోలేదు. ప్రతి కంప్యూటరు మీదా ఇంగ్లీషులో ఒకటే బెదిరింపు, డబ్బు కడితేనే తాళం తీస్తామని. పాత రిపోర్టులకు అండాలు విడిగా దాచిన కాపీలు ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. కొత్తవన్నీ పోయాయి. అచ్చంపేట అవతలి నుంచి బస్సు ఎక్కి వచ్చిన ముసలమ్మకు నేను మళ్ళీ సూది గుచ్చవలసి వచ్చింది. “మొన్ననే తీసుకుంటివి గదరా, నా నెత్తురు అమ్ముకుంటున్నవా?” అని తిట్టిపోసింది. పడ్డాను. ఏం చెప్పను ఆమెకు, మా మేనేజరు గారింట పెళ్ళి అవ్వా అని చెప్పనా?

ఆ వారంలోనే పెద్ద డాక్టరు గారు మమ్మల్ని గదిలోకి పిలిచారు. రాజేశ్ ఆయన పక్కన కూర్చున్నాడు. అండాలు నిలబడింది, నేను తలుపు దగ్గర.

“ఆగిన ఫైలును ఎవరు వదిలారమ్మా?”

“నేనే సార్.”

“నా ఫైలునే ఆపినదానివి. దీన్ని ఎందుకు వదిలావు? ఎవరైనా వదలమన్నారా?”

నేను ఆగలేక, “సార్, నేనక్కడే...” అని మొదలుపెట్టాను. అండాలు నా వైపు తిరిగి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ తరవాత ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

“మా అన్నను అడుగుండ్రి సార్. ఆయన అబద్ధం ఆడడు.”

ఎంత ధీమాగా అందో! ఆ గదిలో ఆమెకు భయమే లేదు. జిమ్మ నాది, పూచీ నాది అన్న అన్న ఎదురుగానే ఉన్నాడు కదా.

డాక్టరు గారు రాజేశ్ వైపు తిరిగారు. రాజేశ్ బల్ల మీది పేపర్ వెయిట్ తిప్పుతూ, “ఇంటి పత్రిక అని ప్రేమతోటి ఇడిచినట్టుంది సార్. నేనైతే ఇడువమని చెప్పలే. మంచిగ చూసుకో అనే చెప్పిన” అన్నాడు.

చెప్పలేదట! నేను అరిచాను, అవును, డాక్టరు గారి గదిలోనే అరిచాను. నా చెవులతో విన్నానన్నాను. “ఇద్దరు ఒక్కకాడ అన్నం తినేటోళ్లు సార్, ఆయన గట్లనే చెప్తడు” అన్నాడు రాజేశ్, తల ఎత్తకుండా. డాక్టరు గారు అండాలును మళ్ళీ అడిగారు, “యోహాను చెప్పేది నిజమేనా?” అని. అండాలు అన్ననే చూస్తోంది. ఒక్కసారి తల ఎత్తుతాడేమోనని చూస్తోంది. ఎత్తలేదు. ఉద్యోగం ఆ రోజుతోనే పోయింది.

మెట్ల దగ్గర పట్టుకొని గట్టిగా తిట్టాను. “ఎందుకు నోరు మూసుకున్నవ్? గొర్రె కసాయోన్నే నమ్ముతదని ఊరికే అన్లే!”

“గొర్ల గురించి నాకు చెప్పకు యోహానన్నా” అంది. అప్పుడు ఏడ్చింది. “నేను చెప్తే ఏమొస్తది? ఆయన చెప్పాలె. ఆయన నోటితోనే చెప్పాలె గద.”

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. ఇంకో రెండు దవాఖానల్లో అడిగింది. ‘వైరస్ అండాలు’ అని ఊళ్ళో అప్పటికే పేరు పడింది, ఎవరూ తీసుకోలేదు. కిరాయి గది ఖాళీ చేసి పల్లెకు, తండ్రి పోయాక ఒంటరిగా ఉంటున్న తల్లి బీరమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. మనస్విని పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. నేను వెళ్ళలేదు. తరవాత తెలిసింది, అండాలు కూడా వెళ్ళలేదని. వెళ్ళలేదు కాదు, పిలవలేదు. ఆ పత్రికను అందరికీ చేర్చిన మేనత్త గడపకు పత్రిక రాలేదు. పెళ్ళిలో మేనత్త చెయ్యాల్సినవన్నీ ఎవరో దూరపు చుట్టం చేసిందట. దీనికి ఏ పేరు పెడతారో పెట్టండి, నేను నమ్మకద్రోహమంటాను.

రాఖీ పున్నం నాడు దవాఖానలో మిగిలిపోయిన ఆమె టిఫిన్ గిన్నె, బల్ల మీది ఎల్లస్వామి ఫోటో తీసుకొని వాళ్ళ పల్లెకు వెళ్ళాను. పొద్దున్నే గొర్లను మేపుకొచ్చిందట, కాళ్ళకు దుమ్ము. ఫోటో తీసుకొని కొంగుతో తుడిచింది. అంతలో వాకిట్లో కారు ఆగింది. రాజేశ్! చేతిలో మిఠాయి డబ్బా, కొత్త చీర కవరు. నేను లేచి వెళ్ళిపోబోతే, “కూసో యోహానన్నా” అంది అండాలు.

రాజేశ్ పీట మీద కూర్చొని చొక్కా చెయ్యి మడిచి చాపాడు. “చెయ్యి బోసిగ ఉంటే మంచిగనిపిస్తలేదు చెల్లె. అయిందేదో అయిపాయె.”

బీరమ్మ పళ్ళెం తెచ్చింది. కుంకుమ, అక్షింతలు, దీపం, రాఖీ. అండాలు కొని ఉంచిందన్నమాట, ఆయన వస్తాడని తెలిసి. రాఖీ చేతిలోకి తీసుకొని, “ఒక్క మాట అన్నా” అంది. “గక్కడ నీ నౌకరీ ఉండె, డాక్టరు సారు ఉండె. గీడ ఎవరున్నరు? అమ్మ, యోహానన్న. పత్రికను ఎవరు ఇడువమన్నరో గీడ చెప్పు. గంతే. నాకు నౌకరీ వద్దు, ఏమొద్దు.”

రాజేశ్ దీపం వైపు చూశాడు. “పండుగ పూట పాత ముచ్చటెందుకే” అన్నాడు.

అండాలు రాఖీని మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. లోపలికి వెళ్ళి కంచం తెచ్చి ఆయన ముందు పెట్టి, అన్నం వడ్డించింది.

“తిను అన్నా. ఇంటికొచ్చినోన్ని ఆకలితోటి పంపం. నిన్ను తరిమెయ్యలే. పక్క దొడ్డిల పెట్టిన. గా మాట చెప్పిననాడు నేనే వచ్చి గడియ తీస్త.”

చాపిన చెయ్యి వెనక్కు తీసుకోవడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. తరవాత అదే చేతితో, బోసి మణికట్టుతో, అన్నం కలుపుకున్నాడు. బీరమ్మ ఏమీ ఎరగనట్టు ఇంకో గరిటె చారు పోసింది.