లాప్‌టాప్‌కి కుట్టిన పరుపు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఉంటే గింటే అవి ముందు మా ఇంటికే రావాలి. మాది పరుపుల షాపు. రాత్రంతా తిరిగి తిరిగి అలిసిపోయే జాతికి చిలకలూరిపేట మొత్తంలో ఇంతకన్నా మంచి చోటు దొరకదు. ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా వచ్చి నడుం వాల్చిన దాఖలాలు లేవు.

గోడ మీద నీడ కదిలితే పిల్లి అంటాను. తలుపు దానంతటదే తెరుచుకుంటే గడియ సరిగ్గా లేదంటాను. మా బంధువుల్లో ఎవరైనా పొలం దారిలో తెల్లచీర కనిపించిందని మొదలుపెడితే, చీరాలదా మంగళగిరిదా అని అడుగుతాను. అందుకే పెళ్ళిళ్ళలో నన్ను పెద్దవాళ్ళ మధ్య కూర్చోనివ్వరు.

కాబట్టి ఇది రాయడం నాకే కాస్త ఇబ్బందిగా ఉంది. మా అక్క రేష్మ రాయమంది. "నేను చెబితే జాలిపడతారు. నువ్వు చెబితే కనీసం నవ్వుతారు" అంది.

మా ఇంట్లో ముందు గది షాపు. అందులో దూది ఏకే మిషను ఉంటుంది. వెనక రెండు గదుల్లో మేం ఉంటాం. మధ్యలో తలుపు ఉంది గానీ, దూదికి తలుపులంటే లెక్కలేదు. పెరుగు మీద ఉన్నది మీగడో నూగో వేలు పెడితే గానీ తెలియదు. సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ కనుబొమలు నెరిసిపోతాయి.

మా తాత కాలంలో మిషను లేదు. ఆయన విల్లుతో ఏకేవాడు. మనిషంత పొడుగు విల్లు, దానికి బిగించిన నరం. ఆ నరాన్ని చెక్క గూటంతో కొడుతుంటే, అది దూదిలో వణికి, చెత్తంతా కిందికి రాలిపోయి, దూది పొగలాగా పైకి లేచేది. మిషను వచ్చాక కూడా ఇంట్లో బిడ్డ పుడితే మాత్రం పరుపు దూది ఆయనే విల్లుతో ఏకాలి. అది మా ఇంటి పద్ధతి. నేనూ అక్కా అలాంటి పరుపుల మీద పెరిగినవాళ్ళమే.

అక్క డిగ్రీ చదివేటప్పుడు పాత లాప్‌టాప్ ఒకటి కొన్నాం. ఒకరోజు తాత దాని అడుగున చెయ్యి పెట్టి చూసి కంగారుపడ్డాడు.

"ఏమే, దీనికి ఒళ్ళు కాలిపోతుంటే బల్ల మీద పెట్టి అలా బాదుతావేంటే?"

"అది అంతే తాతా. పని చేస్తే వేడెక్కుద్ది."

"మనిషైనా అంతే. పడుకోబెట్టాలా వద్దా?"

వారం తిరక్కుండా లాప్‌టాప్‌కి పరుపు తయారైంది. దాన్ని జానలతో కొలిచి, నీలం గీతల గుడ్డ తెచ్చి, దూది విల్లుతో ఏకి, దబ్బనంతో అంచులు కుట్టాడు. ప్రపంచంలో పరుపున్న లాప్‌టాప్ మాదొక్కటే అయ్యుంటుంది. మా ఇంట్లో విలువైనదేదైనా దూది మీదే పెడతారు. పసిపిల్లలైనా, గాజు గ్లాసులైనా అంతే.

లాప్‌టాప్ కింద ఉన్న సన్నటి కంతల్లోంచి గాలి పీల్చుకుంటుంది. దాన్ని పరుపు మీద పెట్టడమంటే, నిద్రపోతున్న మనిషి మొహం మీద దిండు పెట్టడమే. ఈ సంగతి తాతకి ఎవరు చెబుతారు? పోయిన వానాకాలంలో ఆయన పోయాడు. ఆ తరవాత ఆ పరుపు తీసి పక్కన పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. లాప్‌టాప్ దాని మీదే ఉంది. రోజురోజుకీ మందగించింది. పొద్దున్నే స్విచ్ నొక్కి పళ్ళు తోముకుని, టిఫిన్ చేసి వస్తే అప్పటికి తెర వెలిగేది.

అలా మా ఇంట్లో ఆయాసం ఇద్దరికైంది. ఒకరు అక్క, రెండోది లాప్‌టాప్. అక్కకి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. దూదికి దూరంగా ఉండమని డాక్టరు గారు చెప్పారు. మా ఇంట్లో పుట్టినదానికి ఆ మాట చెప్పడం, చేపని కాస్త తడి తగలకుండా చూసుకోమనడం లాంటిది. ఈ మధ్య నాలుగు మెట్లెక్కినా ఆగి ఊపిరి తీసుకుంటోంది.

విశాఖపట్నంలో ఒక కంపెనీ ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష పెట్టింది. అది వస్తే అక్క సముద్రం పక్కన, దూది లేని ఊళ్ళో ఉంటుంది. మొదటిసారి రాస్తుండగా లాప్‌టాప్ మధ్యలో బిగుసుకుపోయింది. పరీక్ష రద్దయింది. అక్క బతిమాలితే ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఇదే ఆఖరిదన్నారు. ఎవరిదైనా అరువు తెచ్చుకుందామంటే, పరీక్ష సాఫ్ట్‌వేర్ మొదట ఏ లాప్‌టాప్‌లో ఎక్కించామో అందులోనే రాయాలట.

పరీక్ష మధ్యాహ్నం. ఆ పొద్దున లాప్‌టాప్ నా చేతికిచ్చి అక్క తిట్టకుండా వెళ్ళిపోయింది. అందుకే భయమేసింది. మామూలుగా ఏదో ఒకటి అంటుంది.

నాకు తెలిసినవన్నీ చేశాను. స్విచ్ వేయగానే పిలవని పేరంటానికి వచ్చినట్టు తెరుచుకునే ప్రోగ్రాములన్నీ ఆపాను. పనికిరాని ఫైళ్ళు తీసేశాను. ఎవరూ ఆడని ఆటలు పీకేశాను. పర్చూరులో ఉన్న నా ఫ్రెండుకి ఫోన్ చేస్తే, "మొత్తం ఫార్మాట్ కొట్టరా మావా" అన్నాడు. అది కొడితే పరీక్ష సాఫ్ట్‌వేర్ కూడా పోతుంది. నాన్న షాపులోంచి తొంగి చూశాడు.

"కాసేపు ఎండలో పెట్టరా, విచ్చుకుంటది."

"నాన్నా, అది లాప్‌టాప్. పాత పరుపు కాదు."

"ఏదైనా గడ్డకట్టినప్పుడు ఎండే మందు" అని ఆయన పనిలోకి ఆయన వెళ్ళిపోయాడు.

మళ్ళీ స్విచ్ వేశాను. లోపలి ఫ్యాను, మిర్చి బస్తాల లారీ ఫ్లైఓవర్ ఎక్కుతున్నట్టు రొద పెట్టింది. తెర మాత్రం నల్లగానే ఉంది. అప్పుడే కరెంటు పోయింది. షాపులో మిషను ఆగిపోయింది. ఇక మిగిలింది అడుగు మూత విప్పడమే.

వెనక గదిలో కిటికీ దగ్గర కూర్చున్నాను. అది మిరపకాయల కాలం. వెనక కళ్ళంలో ఆరబోసిన కాయల మీంచి వచ్చే వెలుతురు గదిలోకి ఎర్రగా పడుతోంది. ఆ ఎరుపులో నూగు తేలుతోంది. కరెంటు లేక పైన ఫ్యాను తిరగడం లేదు కాబట్టి అన్నీ మెల్లగా, నీళ్ళలో ఉన్నట్టు కదులుతున్నాయి. ఘాటుకి కళ్ళు మండుతున్నాయి. ఒక తుమ్ము రాబోయి ఆగిపోయింది.

మూత విప్పాను. ఫ్యాను దగ్గర తెల్లగా దూది. అనుకున్నదే. రెండు వేళ్ళతో పట్టుకుని లాగాను. వచ్చింది. ఇంకా ఉంది. లాగాను. ఇంకా వచ్చింది.

మా ఇంట్లో దుమ్ము ఎలా ఉంటుందో నాకు తెలుసు. నల్లగా, జిడ్డుగా, తలవెంట్రుకలతో కలిసి ఉంటుంది. ఇది అలా లేదు. శుభ్రంగా, తేలిగ్గా, చేతిలో ఉందో లేదో తెలియనట్టు ఉంది. తెగకుండా, సన్నటి పొగ తీగలాగా వస్తూనే ఉంది. నేను లాగుతూనే ఉన్నాను. ఎంతసేపు లాగానో చెప్పలేను. భయం వేయలేదు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. చిన్నప్పుడు జ్వరం వచ్చి పడుకుంటే పక్కగదిలో ఎవరో పని చేసుకుంటున్న అలికిడి వింటూ ఉండేవాళ్ళం కదా, అలా ఉంది.

ఇక్కడ తాత విల్లు చప్పుడు వినిపించిందని రాస్తే బాగుంటుంది. వినిపించలేదు. పక్కింట్లో కుక్కర్ విజిల్ వినిపించింది.

దూది ఆగిపోయాక కిందికి చూశాను. నా ఒళ్ళో చిన్న దిండుకి సరిపడా దూది ఉంది. ఆ లాప్‌టాప్ లోపల వేలు దూర్చడానికే సందు లేదు. సరే, కళ్ళు మండి ఏదో భ్రమపడ్డానని అనుకుని, మూత బిగించి, లాప్‌టాప్‌ని తీసుకెళ్ళి దాని పరుపు మీద పెట్టబోయాను.

పరుపు లేదు. అంటే గుడ్డ ఉంది, దూది లేదు. నీలం గీతల గుడ్డ నేలకి అంటుకుపోయి, ఇస్త్రీ చేసినట్టు చదునుగా పడి ఉంది. ఎత్తి చూశాను. ఎక్కడా చిరుగు లేదు. తాత వేసిన కుట్లు ఒక్కటి కూడా తెగలేదు, వదులు కాలేదు.

నాయనమ్మని పిలిచి దూది చేతిలో పెట్టాను. ఎక్కడిదో చెప్పలేదు. వేళ్ళ మధ్య నలిపి, కిటికీ వెలుతురులో పెట్టి చూసింది.

"ఇది మిషను దూది కాదురా, బాజీ" అంది.

"మరి?"

"మీ తాతది." దాన్ని కొంగులో మూటగట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఎక్కడ దొరికిందని కూడా అడగలేదు.

కరెంటు వచ్చింది. స్విచ్ నొక్కాను. పళ్ళు తోముకోవడం మాట అటుంచి, ఆవలించే లోపే తెర వెలిగింది. ఫ్యాను తిరుగుతోందో లేదో చెవి పెట్టి వినాల్సి వచ్చింది. అక్క నా వంక చూసి, "ఏం చేశావురా?" అంది. "దుమ్ము తీశాను" అన్నాను.

పరీక్ష రాసే గదిలో ఇంకెవరూ ఉండకూడదు. గోడ మీద బొమ్మ కూడా ఉండకూడదు. కెమెరా చూస్తూ ఉంటుంది. అందుకని గది ఖాళీ చేశాం. ఒక బల్ల, ఒక కుర్చీ, తెల్ల గోడ మిగిలాయి. కిటికీ మూసేశాం. అక్క లోపల గడియ వేసుకుంది. నాన్న మిషను ఆపేశాడు. దిండ్ల కోసం వచ్చిన పొన్నూరు ఆయనతో సైగలతో బేరం చేశాడు. ఆయన కూడా పాపం సైగలతోనే తగ్గించమన్నాడు. అమ్మ తలుపుకి ఆనుకుని కూర్చుంది.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. అక్క మొహం తెల్లబోయి ఉంది. అమ్మ లేచింది.

"ఏమైందే? ఆగిపోయిందా?"

"లేదమ్మా. మొత్తం రాశాను. ఎక్కడా ఆగలేదు."

అమ్మానాన్నలు అల్లా దయ అనుకున్నారు. తరవాత పెరట్లో అక్క నాకొక్కడికే చెప్పింది. సగం రాశాక తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయట. గదిలో మీతో పాటు మరొకరు ఉన్నట్టు కనిపిస్తోంది, పరీక్ష నిలిపివేస్తున్నాం అని. వెంటనే పరీక్ష చూస్తున్న ఆవిడ గొంతు వినిపించిందట.

"మీ వెనకాల ఎవరో కూర్చున్నారు, ఎవరండీ అంది. నేను తిరిగి చూశాను. గోడే ఉంది. కెమెరా తిప్పి గదంతా చూపించమంది. చూపించాను. బల్ల కింద కూడా. ఇంకెవరైనా ఉన్నారా అని మళ్ళీ అడిగింది." అక్క ఊపిరి తీసుకోవడానికి కాసేపు ఆగింది. "ఎవరూ లేరండి అన్నాను. అప్పుడు మళ్ళీ రాయనిచ్చింది."

నేను కెమెరాలు పొరపాటు పడతాయని, నీడల్ని కూడా మనుషులనుకుంటాయని మొదలుపెట్టాను. అక్క వినడం లేదు.

"ఎవరూ లేరని అనేశాను రా. తాత ఏమన్నా అనుకుని ఉంటాడంటావా?"

"ఏమీ అనుకోడు. పరీక్ష కోసం అబద్ధం చెప్పడం నేర్చావని మురిసిపోయి ఉంటాడు" అన్నాను. అక్క నవ్వింది, తరవాత చాలాసేపు ఏడ్చింది. ఆయాసం మాత్రం రాలేదు.

ఉద్యోగం వచ్చింది. అక్క ఇప్పుడు విశాఖలో ఉంటోంది. ఫోన్లో మాట్లాడేటప్పుడు మధ్యలో ఊపిరి కోసం ఆగడం లేదు. దానివల్ల నాకు తిట్లు ఎక్కువయ్యాయి.

ఫ్యాను దూదిని గుడ్డలోంచి కొంచెం కొంచెంగా పీల్చిందని నేనిప్పటికీ అందరితో వాదిస్తాను. ఒక్క కుట్టు తెగకుండా పరుపు మొత్తం ఎలా ఖాళీ అయిందని అడిగితే మాట మారుస్తాను. పరీక్ష రోజు ఆ కెమెరా ఎవరిని చూసిందో మాత్రం నాకు తెలియదు. ఎవరూ లేరు అన్న మాటని నేనే అనాల్సి వస్తే, అంత గట్టిగా అనగలనని నాకు నమ్మకం లేదు.